నర్సులు పేపర్లు పెట్టకముందే పట్టుకోవడం ఎలా: వంద పడకల ఆసుపత్రికి ఒక లెక్క

"సార్, ఐసీయూలో మళ్లీ ఇద్దరు పేపర్లు పెట్టారు." జిల్లా కేంద్రంలో ప్రైవేటు ఆసుపత్రి నడిపేవాళ్లకు ఈ రాజీనామాల మాట కొత్త కాదు. వెంటనే తోచే మందు కూడా కొత్త కాదు: జీతం ఓ వెయ్యి పెంచుదాం. పెంచుతారు. మూడు నెలలు తిరక్కుండా ఇంకో ఇద్దరు పెడతారు.

ఎందుకంటే ఉద్యోగం నచ్చకపోవడం, ఉద్యోగం మానేయడం ఒకటి కాదు. నచ్చకపోయినా ఏళ్ల తరబడి ఉండిపోయేవాళ్లు ఉంటారు. నచ్చినా వెళ్లిపోయేవాళ్లూ ఉంటారు. 1958లోనే మార్చ్, సైమన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు దీన్ని రెండు ప్రశ్నలుగా విడదీశారు: వెళ్లాలని ఉందా? వెళ్లడం తేలికా? రెండేళ్ల ఐసీయూ అనుభవం ఉన్న సిస్టర్‌కి రెండోదాని జవాబు ఎప్పుడూ "అవును" అనే. ఎదురు వీధిలోని ఆసుపత్రి రేపే చేర్చుకుంటుంది. అది మీ చేతిలో లేదు. మీ చేతిలో ఉన్నది మొదటి ప్రశ్న ఒక్కటే. దాన్ని పట్టుకునే పద్ధతి ఇది. సుమారు 80 మంది నర్సులున్న ఆసుపత్రిని దృష్టిలో పెట్టుకుని రాశాం. 30 మంది ఉన్నా, 200 మంది ఉన్నా లెక్క మారదు.

1. ముందు రిజిస్టర్ తీయండి

గత 12 నెలల్లో వెళ్లినవాళ్ల పేర్లన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కొక్కరి పక్కన చేరిన తేదీ, మానేసిన తేదీ, వార్డు, ఇన్‌చార్జ్ ఎవరు, హాస్టలా ఇంటి నుంచి వస్తారా, చివరి రెండు నెలల్లో ఎన్ని నైట్లు చేశారు, ఎన్ని ఆఫ్‌లు రద్దయ్యాయి, ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు అన్నవి రాయండి. చివరి మూడూ చాలా ఆసుపత్రుల్లో ఎక్కడా రాసి ఉండవు. నైట్లు, ఆఫ్‌లు పాత డ్యూటీ చార్టులు తీసి లెక్కపెట్టాల్సిందే, ఇప్పుడెక్కడున్నారో తోటివాళ్లను అడగాల్సిందే.

తర్వాత శాతం కట్టండి. ఉదాహరణకు ఏప్రిల్ 1న 84 మంది, మరుసటి మార్చి 31న 76 మంది ఉన్నారనుకుందాం. సగటు 80. ఏడాదిలో 28 మంది వెళ్లారు. 28ని 80తో భాగిస్తే 35 శాతం. చాలామంది ఇక్కడే ఆగిపోయి "మూడో వంతు మంది పోతున్నారు" అని బెంబేలెత్తుతారు. ఇంకో లెక్క కూడా చేయాలి: ఏప్రిల్ 1న ఉన్న 84 మందిలో ఎందరు ఇంకా ఉన్నారు? 66 మంది ఉన్నారనుకోండి. అంటే పాతవాళ్లు పోయింది 18 మందే. మిగతా 10 మంది ఆ ఏడాదిలో చేరి, ఆ ఏడాదిలోనే వెళ్లిపోయినవాళ్లు. కొత్తగా చేర్చుకున్నది 20 మందిని. ప్రతి ఇద్దరిలో ఒకరు నిలవలేదన్నమాట. అప్పుడు జబ్బు జీతంలో కంటే చేరిన మొదటి వారాల్లో ఉండే అవకాశం ఎక్కువ.

జాబితాను మూడు నెలల్లోపు, మూడు నుంచి పన్నెండు నెలలు, ఏడాది నుంచి మూడేళ్లు, ఆపైన అని నాలుగు గుంపులు చేయండి. మూడు నెలల్లోపు వెళ్లినవాళ్లు ఎక్కువైతే, చేర్చుకునేటప్పుడు చెప్పినదానికీ చూపించినదానికీ పొంతన లేదని అర్థం. ఏడాది దాటినవాళ్లు ఎక్కువైతే చార్టు, ఇన్‌చార్జ్, జీతం ఈ మూడింట్లో వెతకాలి. వార్డుల వారీగా కూడా చూడండి. సగం మంది ఒకే వార్డు నుంచి పోయి ఉంటే ఆసుపత్రి మొత్తానికి జీతాలు పెంచడం దండగ.

2. ఆపలేనివాళ్లను పక్కన పెట్టండి

ప్రభుత్వ ఉద్యోగం వచ్చిందంటే ఆపలేరు, ఆపకూడదు కూడా. 2022 డిసెంబరు చివర్లో తెలంగాణలో 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకు ప్రకటన వచ్చింది. 2024 జనవరి చివర్లో నియామక పత్రాలు ఇచ్చారు. అలాంటి ఏడాది మీ శాతం ఎగబాకితే ఆ తప్పు మీ మేట్రన్‌ది కాదు. పెళ్లై వేరే ఊరు వెళ్లినవాళ్లు, ఎమ్మెస్సీ నర్సింగ్‌లో చేరినవాళ్లు, తెలంగాణ ప్రభుత్వ విదేశీ ఉద్యోగాల సంస్థ టామ్‌కామ్ ద్వారా జర్మనీకో మరో దేశానికో వెళ్లినవాళ్లు కూడా ఇందులోకే వస్తారు.

అయితే ఒక జాగ్రత్త. రాజీనామా లేఖలో "వ్యక్తిగత కారణాలు" అని ఉంటే నమ్మకండి. ఆ రోజు ఆమెకు కావాల్సింది రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్. అవి చేతికి అందేదాకా ఎవరూ నిజం చెప్పరు. అసలు కారణం కావాలంటే వెళ్లిన రెండు మూడు నెలల తర్వాత ఫోన్ చేయండి. చేసే మనిషి ఆమెకు పైఅధికారిగా పనిచేసినవారు కాకూడదు. "ఎందుకు మానేశారమ్మా?" అని అడిగితే మళ్లీ మర్యాద జవాబే వస్తుంది. "మానేయాలని మొదటిసారి ఎప్పుడు అనిపించింది? ఆ వారంలో ఏం జరిగింది?" అని అడగండి. చాలామందికి ఒక రోజు గుర్తుంటుంది: చెల్లెలి నిశ్చితార్థానికి ఇచ్చిన ఆఫ్ ముందురోజు రాత్రి రద్దు చేయడం, పేషెంట్ వెంట వచ్చిన అటెండర్ల ముందు డాక్టర్ ఫైల్ విసరడం లాంటిది. 1994లో లీ, మిచెల్ అనే పరిశోధకులు ఇలాంటివాటినే "షాక్" అన్నారు. అసంతృప్తి మెల్లగా పేరుకుంటూ ఉంటుంది, దాన్ని రాజీనామాగా మార్చేది తరచూ ఒక్క సంఘటన.

3. ఉన్నవాళ్లను అడగండి, పన్నెండు ప్రశ్నలు చాలు

ఉద్యోగ సంతృప్తిని కొలవడానికి ఎప్పటినుంచో వాడుకలో ఉన్న ప్రశ్నపత్రాలున్నాయి. 1969లో వచ్చినది పనిని, జీతాన్ని, పదోన్నతిని, పైవాళ్లను, తోటివాళ్లను విడివిడిగా కొలుస్తుంది. 1985లో స్పెక్టర్ తయారుచేసినదాంట్లో 36 ప్రశ్నలుంటాయి. డ్యూటీ మధ్యలో 36 ప్రశ్నలు ఎవరూ చదివి నింపరు, టిక్కులు కొట్టేసి ఇస్తారు. అందుకే ఒక పేజీలో పట్టేలా కింది పన్నెండు సరిపోతాయి. ఒక్కోదానికి 1 (అస్సలు కాదు) నుంచి 5 (పూర్తిగా అవును) దాకా గడులు పెట్టండి.

• వచ్చే వారం నా డ్యూటీలు ఏవో ముందే తెలుస్తాయి.
• చార్టులో ఉన్న ఆఫ్ నాకు నిజంగా దొరుకుతుంది.
• నా షిఫ్టులో పేషెంట్లను సరిగా చూసుకునేంత మందిమి ఉంటాం.
• పొరపాటు జరిగితే భయం లేకుండా ఇన్‌చార్జికి చెప్పగలను.
• డాక్టర్లు గానీ అటెండర్లు గానీ మర్యాద తప్పితే ఆసుపత్రి నా పక్షాన నిలబడుతుంది.
• నా అనుభవానికి తగ్గ జీతమే వస్తోంది.
• జీతం చెప్పిన తేదీకి పడుతుంది, కోతలు ఎందుకో అర్థమవుతాయి.
• ఇక్కడ కొత్త పని నేర్చుకుంటున్నాను.
• హాస్టల్, మెస్ లేదా రాకపోకలు ఇబ్బంది లేకుండా ఉన్నాయి.
• తోటి సిస్టర్లు అవసరానికి ఆదుకుంటారు.
• మొత్తంమీద ఈ ఉద్యోగం నాకు నచ్చింది.
• వచ్చే ఆరు నెలల్లో వేరే చోట చూసుకోవాలని ఉంది.

చివరి ప్రశ్న తీసేయాలనిపిస్తుంది, తీయకండి. మానేయడం ఒక్కసారిగా జరగదని 1977లో మోబ్లీ వరుస కట్టి చూపించాడు: నచ్చకపోవడం, మానేద్దామన్న ఆలోచన, వెతకడం, పోల్చుకోవడం, నిర్ణయం. "నచ్చలేదు" అన్న జవాబు కంటే "చూసుకోవాలని ఉంది" అన్న జవాబే వెళ్లబోయేవాళ్లను బాగా పట్టిస్తుందని ఆ తర్వాతి పరిశోధనలూ చెబుతున్నాయి. మొదటి పది ప్రశ్నలు కారణం చెబుతాయి, చివరిది టైమ్ ఎంత మిగిలిందో చెబుతుంది.

కాగితం తెలుగులో ఉండాలి. కేరళ సిస్టర్లుంటే వాళ్లకు ఇంగ్లిష్‌లో ఇవ్వండి. పేరు వద్దు, వార్డు ఒక్కటి చాలు. ఎనిమిది మందికంటే తక్కువున్న వార్డులను కలిపేయండి, లేకపోతే ఎవరు రాశారో తేలిపోతుంది. చేత్తో రాసే గడులు పెట్టకండి, దస్తూరీ గుర్తుపడతారని భయం. ఫోన్‌లో ఫారం పంపితే ఎవరు రాశారో తెలిసిపోతుందన్న భయంతో నిజం రాయరు. కాగితాలు పంచేది, పెట్టె తెరిచేది నర్సింగ్ సూపరింటెండెంట్ కాకూడదు. అకౌంట్స్‌లో ఎవరికైనా అప్పగించండి. ఇంక్రిమెంట్ ఇచ్చిన వారంలో మాత్రం అడగకండి, లెక్క తీపిగా వస్తుంది.

చదివేటప్పుడు సగటు చూసి మోసపోవద్దు. ఐసీయూలో పన్నెండు మంది "ఆఫ్ దొరుకుతుంది" అన్నదానికి ఇచ్చిన మార్కుల సగటు 3 వచ్చిందనుకోండి. పర్లేదనిపిస్తుంది. కాగితాలు విప్పి చూస్తే ఆరుగురు 5, ఆరుగురు 1 వేసి ఉండొచ్చు. సీనియర్లు ఆఫ్‌లు తీసుకుంటున్నారు, జూనియర్లు వాటిని మోస్తున్నారు. అందుకే ప్రతి ప్రశ్నకు 1, 2 వేసినవాళ్లు (చివరి ప్రశ్నకు మాత్రం 4, 5 వేసినవాళ్లు) ఎందరో లెక్కపెట్టండి, వార్డుల వారీగా.

ఫలితం వచ్చిన పదిహేను రోజుల్లో నోటీసు బోర్డు మీద మూడు వాక్యాలు పెట్టాలి: ఏం తెలిసింది, ఏది మారుస్తున్నాం, ఏది మార్చలేం. అడిగి ఊరుకోవడం కంటే అడగకపోవడమే నయం. రెండోసారి పెట్టెలో తెల్లకాగితాలే పడతాయి.

4. డ్యూటీ చార్టు సరిచేయండి

ఎక్కువ పని ఇక్కడే ఉంటుంది, ఎక్కువ ఫలితమూ ఇక్కడే.

ఆదివారం సాయంత్రం ఏడింటికి వాట్సాప్ గ్రూపులో చార్టు ఫోటో పడుతుంది, సోమవారం పొద్దున ఎనిమిదికి డ్యూటీ. ఇలా నడిచే వార్డులో ఎవరూ పంటి డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లలేరు. ఊరెళ్లడానికి బస్సు టికెట్ తీయలేరు. చార్టు కనీసం రెండు వారాల ముందు రావాలి.

"మనుషులు లేరు, ముందే ఎలా వేస్తాం?" అంటారు ఇన్‌చార్జ్‌లు. చాలాసార్లు వాళ్లు చెప్పేది నిజమే. కాబట్టి ముందు మనుషుల లెక్క తేల్చండి. ఒక చోట 24 గంటలూ ఒక నర్సు ఉండాలంటే వారానికి 168 గంటలు. ఒకరు వారానికి 48 గంటలు చేస్తే 168ని 48తో భాగించగా 3.5 మంది కావాలి. ఇందులో సెలవులు లేవు. సీఎల్, సిక్, ఈఎల్, పండుగలు కలిపి ఏడాదికి 47 రోజులనుకుంటే, 313 పనిరోజుల్లో అది 15 శాతం. 3.5ని 0.85తో భాగిస్తే 4.1. అంటే షిఫ్టుకు ఇద్దరుండే వార్డుకు ఎనిమిది మందికి పైనే కావాలి. మీరు ఆరుగురితో నడుపుతుంటే చార్టు మీద రాసే ఆఫ్‌లలో కొన్ని రాసేటప్పుడే అబద్ధాలు. అక్కడ ఇన్‌చార్జిని తిట్టి లాభం లేదు. మనుషులను పెంచాలి, లేదా ఆ వార్డులో పడకలు తగ్గించాలి.

పొద్దున 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 8, రాత్రి 8 నుంచి పొద్దున 8 అనే పద్ధతి ఉన్నచోట ఇంకో చిక్కు ఉంది. ఆదివారం పొద్దున నైట్ దిగిన మనిషికి ఆ ఆదివారాన్నే వీక్లీ ఆఫ్‌గా లెక్కేస్తారు. పన్నెండు గంటలు మేలుకుని తర్వాతి షిఫ్టుకు హ్యాండోవర్ ఇచ్చి తొమ్మిదిన్నరకు గది చేరి, సాయంత్రం దాకా పడుకుని లేచేసరికి ఆఫ్ అయిపోతుంది. కాగితం మీద అందరికీ ఆఫ్ ఉంటుంది, చేతికి మాత్రం చిక్కదు. నైట్ దిగిన రోజును ఆఫ్‌లో కలపకూడదు. మర్నాడు పొద్దుటి నుంచి 24 గంటలు లెక్కేయండి. ఈ ఒక్క మార్పుకు ఎంత మంది అదనంగా కావాలో కూడా పై లెక్కతోనే తేలుతుంది.

వరుసగా ఎన్ని నైట్లో హద్దు పెట్టండి, నాలుగు దాటకుండా చూడండి. ఇద్దరు ఒప్పుకుని డ్యూటీ మార్చుకుంటే ఇన్‌చార్జ్ సంతకం చాలాలి, సూపరింటెండెంట్ దాకా వెళ్లనక్కర్లేదు. రద్దయిన ప్రతి ఆఫ్‌ను ఒక నోట్‌బుక్‌లో రాయించండి: తేదీ, ఎవరిది, ఎవరు రద్దు చేశారు, బదులు ఏ రోజు ఇచ్చారు. నెలాఖరున ఆ పుస్తకం మీ టేబుల్ మీదికి రావాలి. ఒకే పేరు మూడుసార్లు కనిపిస్తే ఆ సిస్టర్‌తో ఆ వారమే మాట్లాడండి.

5. ఇన్‌చార్జ్ సంగతి

బాగా పనిచేసే స్టాఫ్ నర్సును ఇన్‌చార్జ్ చేసేసి, మనుషులతో ఎలా నడుచుకోవాలో ఎవరూ చెప్పరు. ఆమెకు రెండే నియమాలు పెట్టి మొదలుపెట్టండి. పేషెంట్ ముందు, అటెండర్ల ముందు ఎవరినీ మందలించకూడదు. మందు పొరపాటును తానుగా వచ్చి చెప్పినవాళ్లను ఆ రోజు తిట్టకూడదు. ఈ రెండో నియమం పేషెంట్ ప్రాణానికి కూడా సంబంధించినది.

డాక్టర్ల అరుపులు ఇన్‌చార్జ్ ఆపలేదు, అది యాజమాన్యం పని. ఎంత పెద్ద కన్సల్టెంట్ అయినా మీరే గదిలో కూర్చోబెట్టి చెప్పాలి.

గ్లూకోమీటర్ కనిపించలేదని వార్డులో అందరి జీతంలో తలా మూడు వందలు కోసే అలవాటు ఉంటే ఈ నెలే ఆపేయండి. ఎవరి నిర్లక్ష్యమో తేల్చకుండా, ఆ మనిషికి సంజాయిషీ ఇచ్చుకునే అవకాశం ఇవ్వకుండా జీతం కోయడం వేతన చట్టానికి విరుద్ధం. పైగా మూడు వందలు మిగుల్చుకోవడానికి మీరు పోగొట్టుకునేది అంతకు వంద రెట్లు. ఒకరు పోతే ఎంత ఖర్చో కట్టి చూడండి: పోస్టు 25 రోజులు ఖాళీ, రోజుకో డబుల్ డ్యూటీకి 600 చొప్పున 15,000. కొత్తమనిషి 22,000 జీతంతో చేరి పనిలో కుదురుకునేదాకా పదిహేను రోజులు, అది 11,000. నేర్పే సీనియర్ సమయం, ప్రకటన, ఏజెన్సీ కమీషన్ కలిస్తే 30,000 దాటుతుంది. మీ అంకెలు వేసి మీరే కట్టుకోండి.

6. జీతం: ఎంత అనే కంటే ఎలా

తక్కువ జీతం మనుషులను పంపేస్తుంది గానీ, ఎక్కువ జీతం ఒక్కటే వాళ్లను కట్టి ఉంచదు. 1959లో హెర్జ్‌బర్గ్ చెప్పింది దాదాపు ఇదే: జీతం, వసతులు సరిగా లేకపోతే మనసు విరుగుతుంది, సరిగా ఉన్నంత మాత్రాన పని మీద ఇష్టం పుట్టదు.

అయినా కనీసం ఎంత అన్నదానికి ఒక కొలత ఉంది. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ ప్రైవేటు నర్సుల జీతాలపై సిఫార్సులు చేసింది. 50 పడకల లోపు ఆసుపత్రుల్లో నెలకు 20,000 తగ్గకూడదు. 50 నుంచి 100 పడకలైతే ప్రభుత్వ జీతం కంటే తేడా 25 శాతం మించకూడదు. 100 దాటితే 10 శాతం, 200 దాటితే ప్రభుత్వంతో సమానం. చాలాచోట్ల ఇది అమలు కావడం లేదని అందరికీ తెలుసు. నర్సులకు ఈ అంకెలు తెలుసన్నదే మీరు గుర్తుంచుకోవాల్సింది.

అంతకంటే ఎక్కువ మండించేది పోలిక. మూడేళ్ల నుంచి ఉన్న సిస్టర్‌కు 21,000 ఇస్తూ, మార్కెట్ రేటని కొత్తగా చేరినామెకు 22,500 ఇస్తే ఆ సంగతి మెస్‌లో మధ్యాహ్న భోజనంలోపే తెలిసిపోతుంది. కొత్త రేటు ప్రకటించే ముందు పాతవాళ్లను సర్దండి, తర్వాత కాదు.

ఇంకో పొరపాటు మంచి మనసుతో చేసేది. ఈఎస్‌ఐ పరిమితి నెలకు 21,000. 20,500 వచ్చే సిస్టర్‌కు వెయ్యి పెంచితే, ఏప్రిల్-సెప్టెంబరు లేదా అక్టోబరు-మార్చి చందా కాలం ముగిశాక ఆమె ఈఎస్‌ఐ నుంచి బయటపడుతుంది. తనమీద ఆధారపడిన తల్లిదండ్రులకు అక్కడ వైద్యం చేయిస్తుంటే ఆ వెయ్యి ఆమెకు నష్టం. పెంచే ముందు అడగండి, పెంచితే గ్రూప్ ఇన్సూరెన్స్‌లో తల్లిదండ్రులనూ చేర్చండి.

7. మొదటి తొంభై రోజులు

చేరే ముందే వార్డు, షిఫ్టులు, నైట్ల సంఖ్య కాగితం మీద ఇవ్వండి, హాస్టల్ గది చూపించండి. తోడుగా ఒక సీనియర్‌ను పేరుపెట్టి అప్పగించి, ఆ సీనియర్‌కు నెలకింత అని అలవెన్స్ ఇవ్వండి. మొదటి మూడు వారాలు ఒంటరిగా నైట్ వద్దు. 7వ రోజు, 30వ రోజు, 60వ రోజు పది నిమిషాలు మాట్లాడండి. అంతే.

8. ఉండిపోవడానికి ఉన్న కారణాలను పెంచండి

2001లో మిచెల్, సహపరిశోధకులు ప్రశ్నను తిరగేశారు: ఎందుకు వెళ్తున్నారని కాదు, ఎందుకు ఉంటున్నారు? మనుషులతో ముడి, ఊరితో కుదురు, వదిలితే పోయేవి ఏమిటి అన్న మూడూ చూడాలన్నారు. మన జిల్లాల్లో దీనర్థం తేలిక. 30 కిలోమీటర్ల లోపు ఊళ్లవాళ్లను ఎక్కువగా చేర్చుకోండి. పిల్లలున్నవాళ్లకు పొద్దుటి డ్యూటీలు ఎక్కువ పడేలా చూడండి, ఆ భారం పెళ్లికానివాళ్ల మీద పడకుండా నైట్ అలవెన్స్ పెంచండి. 50 మంది, అంతకంటే ఎక్కువ ఉన్న సంస్థలో పిల్లల సంరక్షణ గది 2017 నుంచి చట్టప్రకారం తప్పనిసరి. డయాలసిస్‌లోనో ఆపరేషన్ థియేటర్‌లోనో నేర్చుకోవాలని అడిగినవాళ్లను ఆరు నెలలు అక్కడ వేయండి. నేర్చుకుని వెళ్లిపోతారన్న భయంతో ఆపితే, నేర్చుకోకుండానే వెళ్లిపోతారు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకోవడం, బాండ్ రాయించుకోవడం ఈ జాబితాలోకి రావు. సర్టిఫికెట్ కోసం ఉన్న మనిషి మీ శాతంలో నిలిచినట్టే కనిపిస్తుంది, వార్డులో మాత్రం ఉండదు. బెల్ మోగినా లేవదు. చివరికి నోటీసు కూడా ఇవ్వకుండా ఓ రాత్రి డ్యూటీకి రాదు. వెరిఫై చేసి, జిరాక్స్ ఉంచుకుని, ఒరిజినల్స్ అదే రోజు తిరిగి ఇచ్చేయండి.

9. ఆరు నెలలకు మళ్లీ కొలవండి

అవే పన్నెండు ప్రశ్నలు, మాటలు మార్చకుండా. ముందు చివరి ప్రశ్న చూడండి, తర్వాత మీరు మార్చినదానికి సంబంధించిన ప్రశ్న. చార్టు మార్కులు పెరిగి "చూసుకోవాలని ఉంది" తగ్గకపోతే అసలు కారణం వేరే ఉంది, ఆ వార్డులో 1, 2 ఎక్కువ పడిన మిగతా ప్రశ్నల్లో వెతకండి. మార్కులన్నీ బాగుండి కూడా మనుషులు పోతుంటే పైన రెండో భాగానికి తిరిగి వెళ్లండి, బహుశా ఏదో ప్రభుత్వ ఉద్యోగాల నోటిఫికేషన్ పడి ఉంటుంది.

వెళ్లేవాళ్లకు రిలీవింగ్ లెటర్ చివరి రోజే ఇవ్వండి, పీఎఫ్‌లో మానేసిన తేదీ ఆ నెలలోనే ఎక్కించండి. అది ఎక్కకపోతే వాళ్ల పాత డబ్బు కొత్త ఖాతాలోకి మార్చుకోవడం కష్టమవుతుంది, మీ ఆసుపత్రి పేరు చెప్పి తిట్టుకుంటారు. మళ్లీ తీసుకోదగ్గవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు విడిగా ఒక పేజీలో రాసి ఉంచండి. వెళ్లిన రెండు మూడు నెలలకు చేసే ఆ ఫోన్‌లో చివరి ప్రశ్న "మళ్లీ వస్తారా?" అని ఉండాలి.